కూరగాయల డెవిల్డ్ ఎగ్స్: పార్టీకి చేసేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ఉడికిన గుడ్డును నిలువునా రెండు ముక్కలు చేసి, పచ్చసొనను మయోనైజ్, మస్టర్డ్ సాస్‌తో మెదిపి, తిరిగి ఆ తెల్ల దొప్పలోనే నింపితే డెవిల్డ్ ఎగ్. అమెరికాలో ఈస్టర్‌కీ, జులై 4కీ, థాంక్స్‌గివింగ్‌కీ బల్ల మీద ఇవి ఉండాల్సిందే. తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్ విందుల పుణ్యమా అని అక్కడి తెలుగిళ్ళకూ బాగా అలవాటయ్యాయి. ఇందులో కూరగాయ కలిపితే రంగు, కరకర, కాస్త కొత్త రుచి వస్తాయి. వాటి వెంట నీళ్ళు కూడా వస్తాయి. మళ్ళీ మళ్ళీ వచ్చే సందేహాల్లో సగం ఆ నీళ్ళ గురించే. వేరే చెప్పని చోటల్లా కొలతలు 12 పెద్ద గుడ్లకు, అంటే పెంకుతో కలిపి ఒక్కోటి సుమారు 57 గ్రాములున్న వాటికి.

## గుడ్లు కొనేముందు

ఇరవై మంది వస్తున్నారు. ఎన్ని గుడ్లు ఉడికించాలి?

వేరే స్టార్టర్లు ఉంటే మనిషికి రెండు ముక్కలు, అంటే ఒక గుడ్డు చాలు. ఇరవై మందికి 20 గుడ్లు, పైన ఇంకో మూడు. పెంకు తీసేటప్పుడు ఒకటో రెండో చిరగడం ఖాయం. చిరిగినా వాటి పచ్చసొన ముద్దలోకి పనికొస్తుంది, దొప్పలు బొద్దుగా నిండుతాయి. స్టార్టర్ ఇదొక్కటే అయితే మనిషికి మూడు ముక్కల లెక్కన వేసుకోండి.

తాజా గుడ్లే తెచ్చాను, అయినా పెంకుతోపాటు తెల్లసొన ఊడి వస్తోంది. ఎందుకు?

తాజా కావడం వల్లే. కొత్త గుడ్డు తెల్లసొనలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ, పీహెచ్ తక్కువ. అలాంటప్పుడు ఉడికిన తెల్లసొన లోపలి పొరను గట్టిగా పట్టుకుంటుంది. రోజులు గడిచేకొద్దీ ఆ వాయువు పెంకు రంధ్రాల్లోంచి పోయి పట్టు సడలుతుంది. పార్టీకి వారం, పది రోజుల ముందే గుడ్లు కొని ఫ్రిజ్‌లో ఉంచండి. అమెరికాలో చాలా డబ్బాల మీద 001 నుంచి 365 వరకు మూడంకెల సంఖ్య ఒకటి ఉంటుంది. ఏడాదిలో ఎన్నో రోజున ప్యాక్ చేశారో అది చెబుతుంది. పాత తేదీ డబ్బా ఏరుకోవాల్సిన అరుదైన సందర్భం ఇదే.

ఇండియాలో గుడ్లు చిన్నవి కదా, కొలత మార్చాలా?

ఇక్కడి గుడ్డు ఎక్కువగా 50–55 గ్రాములు ఉంటుంది. 12 బదులు 13 తీసుకుంటే మసాలా కొలతలు అలాగే సరిపోతాయి. ఉడికే సమయం ఒక నిమిషం తగ్గించండి.

పచ్చసొన ఒక పక్కకి ఒరిగి, కోస్తే దొప్ప పల్చబడి చిరుగుతోంది. దీనికేమైనా మార్గం ఉందా?

ముందు రోజు రాత్రి గుడ్ల డబ్బాకి రబ్బరు బ్యాండు వేసి, పక్కకి పడుకోబెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. నిలువుగా నిలబడ్డ గుడ్డులో పచ్చసొన పైకి తేలి ఒక కొసకు చేరుతుంది. పడుకోబెడితే మధ్యకు వస్తుంది. నీళ్ళలో వేశాక మొదటి రెండు మూడు నిమిషాలు గరిటెతో మెల్లగా తిప్పినా కొంత ఫలితం ఉంటుంది. వంద శాతం గ్యారంటీ మాత్రం ఏ పద్ధతికీ లేదు.

## ఉడికించడం, పెంకు తీయడం

సరిగ్గా ఎన్ని నిమిషాలు ఉడకాలి?

మరుగుతున్న నీళ్ళలోకి ఫ్రిజ్‌లోంచి తీసిన గుడ్లను గరిటెతో ఒక్కొక్కటిగా దించి, మంట కాస్త తగ్గించి 12 నిమిషాలు. వెంటనే ఐసు నీళ్ళలో కనీసం 10 నిమిషాలు. చన్నీళ్ళలో గుడ్లు వేసి పొయ్యి మీద పెట్టే పద్ధతిలో తెల్లసొన మెల్లగా వేడెక్కుతూ పొరకి అతుక్కుపోతుంది. వేడి తగిలిన క్షణంలోనే బిగుసుకుంటే పొర నుంచి విడిపోతుంది. పెంకు సులువుగా రావాలంటే మరిగే నీళ్ళ దగ్గరే మొదలుపెట్టాలి.

ఇడ్లీ పాత్రలో గానీ ఇన్‌స్టంట్ పాట్ (కరెంటు ప్రెషర్ కుక్కర్)లో గానీ చెయ్యొచ్చా?

ఇడ్లీ పాత్ర చాలా బాగా పనిచేస్తుంది. అడుగున రెండు గ్లాసుల నీళ్ళు మరిగించి, ఆవిరి జోరుగా వచ్చాక ఇడ్లీ రేకుల గుంటల్లో గుడ్లు పెట్టి మూత వేసి 13 నిమిషాలు. గుడ్లు ఒకదానికొకటి కొట్టుకోవు కాబట్టి పగుళ్ళు తక్కువ. ఇన్‌స్టంట్ పాట్‌లో చాలామంది వాడే లెక్క 5-5-5: హై ప్రెషర్ మీద ఐదు నిమిషాలు, ఆవిరి దానంతటదే దిగడానికి ఐదు, ఐసు నీళ్ళలో ఐదు. మామూలు విజిల్ కుక్కర్లో వద్దు. విజిల్‌తో నిమిషాలు లెక్కపెట్టడం కుదరదు, గుడ్లు పగులుతాయి కూడా.

డెన్వర్‌లో ఉంటాం. 12 నిమిషాలు ఉడికించినా మధ్యలో మెత్తగా ఉంటోంది?

డెన్వర్ సుమారు 1,600 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ నీళ్ళు దాదాపు 95 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతాయి. రెండు మూడు నిమిషాలు అదనంగా ఇవ్వండి. బెంగళూరు ఎత్తుకి ఒక నిమిషం చాలు.

పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ గీత వచ్చింది. తినొచ్చా?

నిక్షేపంగా తినొచ్చు. ఎక్కువసేపు వేడి తగిలితే తెల్లసొనలోంచి పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ పచ్చసొనలోని ఇనుముతో కలిసి ఆ రంగు తెస్తుంది. అయితే ముద్ద బూడిదరంగులోకి తిరుగుతుంది, వాసన ఘాటెక్కుతుంది. టైమర్ మోగగానే ఐసు నీళ్ళలో వేస్తే ఈ గొడవ ఉండదు. ఒకసారి వచ్చేసిందంటే ఆ ముద్దను పాలకూర కలిపే రకానికి వాడుకోండి, రంగు తేడా తెలియదు.

నీళ్ళలో వెనిగర్, ఉప్పు, వంటసోడా వేస్తే పెంకు సులువుగా వస్తుందంటారు. నిజమేనా?

వెనిగర్, ఉప్పు పగిలిన గుడ్డులోంచి కారే తెల్లసొన త్వరగా గట్టిపడటానికి పనికొస్తాయి, పెంకుకి కాదు. సోడా వల్ల కొంచెం లాభం ఉండొచ్చు గానీ ఎక్కువైతే గుడ్డుకి సబ్బు రుచి పడుతుంది. మరిగే నీళ్ళలో వేయడం, చల్లార్చడం సరిగ్గా చేస్తే ఇవేవీ అక్కర్లేదు. పెంకును వెడల్పు కొస వైపు నుంచి, గాలి గది ఉన్న చోట మొదలుపెట్టి, కుళాయి ధార కింద తీయండి. నీళ్ళు పొర కిందకి దూరి దానంతటదే జారుతుంది.

## కూరగాయలు

ఏ కూరగాయలు పనికొస్తాయి, ఏవి వద్దు?

పచ్చిగా కరకరలాడాలంటే సెలెరీ, క్యాప్సికమ్, ముల్లంగి. ఉడికించో కాల్చో మెత్తగా కలపాలంటే క్యారెట్, పచ్చి బఠాణీ, పాలకూర, కాల్చిన వంకాయ. రంగు కోసం బీట్‌రూట్. కీరా పెట్టొచ్చు గానీ గింజల భాగం మొత్తం గీకేయాలి. పచ్చి టమాటా జోలికి పోవద్దు. గింజలు తీసినా గంటలో ముద్దను చారు చేస్తుంది. టమాటానే కావాలనుకుంటే ఎండబెట్టి నూనెలో నిల్వ చేసినవి వాడండి. సొరకాయ, బీరకాయ లాంటివి నీళ్ళ మూటలు, గుడ్డు పక్కన రుచీ నిలవదు.

12 గుడ్లకు కూరగాయ ఎంత వెయ్యాలి?

సన్నగా తరిగిన పచ్చి ముక్కలైతే 60–70 గ్రాములు, అర కప్పు. మెత్తటి గుజ్జయితే 3–4 టేబుల్ స్పూన్లు, ఆ మేరకు మయోనైజ్ 2 టేబుల్ స్పూన్లు తగ్గించి. ఇంతకు మించితే ముద్ద దొప్పలో నిలవదు, తినేవాళ్ళకి గుడ్డు రుచి తగలదు. ఒక ప్లేటుకి ఒకే కూరగాయ. మూడు రకాలు కలిపితే దేని రుచీ తెలియదు.

నింపిన గంటకే ముద్ద చుట్టూ నీళ్ళు ఊరుతున్నాయి. ఎక్కడ తప్పింది?

కూరగాయ ముక్కల్లోనే. ముద్దలో ఉప్పు ఉంటుంది, ఆ ఉప్పు ముక్కల్లోని నీటిని బయటికి లాగుతుంది. ఆ పనేదో కలపకముందే చేయించేయాలి. కీరా, ముల్లంగి ముక్కలు 100 గ్రాములకు పావు టీస్పూన్ ఉప్పు చల్లి 20 నిమిషాలు జల్లెడలో ఉంచండి. తర్వాత పల్చటి గుడ్డలో మూటకట్టి, చుక్క రాలనంత వరకు పిండండి. ఉప్పు అప్పటికే పట్టి ఉంటుంది కాబట్టి ముద్దలో ఉప్పు సగానికి తగ్గించాలి. క్యాప్సికమ్, సెలెరీకి ఇంత శ్రమ వద్దు. తరిగాక టిష్యూ మీద పరిచి పది నిమిషాలు ఆరనిస్తే సరి. దొప్పలు కూడా తడిగా ఉండకూడదు. నింపే ముందు బోర్లించి తుడవండి.

పాలకూర ఎలా కలపాలి? పచ్చిదే తరిగి వేస్తే?

పచ్చిదైతే నమిలేటప్పుడు పీచులా తగులుతుంది. 150 గ్రాముల ఆకును మరిగే నీళ్ళలో 30 సెకన్లు ముంచి, చన్నీళ్ళలో వేసి, రెండు అరచేతుల మధ్య గట్టిగా పిండి ఉండ చేయండి. విప్పి మళ్ళీ పిండండి. రెండోసారి కూడా నీళ్ళు వస్తాయి, చూడండి. అప్పుడు సన్నగా తరిగి, ఒక వెల్లుల్లి రెబ్బతో అర టీస్పూన్ వెన్నలో రెండు నిమిషాలు వేయించి చల్లార్చండి. మిగిలిన తేమ బాణలిలోనే పోతుంది. జాజికాయ చిటికెడు గీకితే పాలకూరకి బాగా నప్పుతుంది.

క్యారెట్ తురిమి వేశాను, సేమ్యాలా అడ్డం పడుతోంది. వేరే పద్ధతి ఏమిటి?

తురుము వద్దు. 150 గ్రాముల క్యారెట్‌ను అంగుళం ముక్కలు కోసి, టీస్పూన్ నూనె పట్టించి 200 డిగ్రీల సెల్సియస్ ఓవెన్‌లో 25–30 నిమిషాలు అంచులు ఎర్రబడే దాకా కాల్చండి. నీళ్ళలో ఉడికించిన క్యారెట్ కంటే ఇది తియ్యగా, పొడిగా ఉంటుంది. ఓవెన్ లేకపోతే మూతపెట్టి సన్నమంట మీద మగ్గించి, చివర్లో మూత తీసి నీరు ఇగర్చండి. చల్లారాక మిక్సీలో నీళ్ళు పోయకుండా తిప్పండి. ఈ రకానికి అర టీస్పూన్ వేయించిన జీలకర్ర పొడి, నిమ్మరసం బాగుంటాయి. తీపి ఉంది కాబట్టి కారం కాస్త ముందుండాలి.

గుడ్డు తెల్ల భాగం గులాబీ రంగులో ఉన్న ఫోటోలు చూశాం. అది బీట్‌రూటేనా? ఎలా?

బీట్‌రూటే. పెన్సిల్వేనియాలో స్థిరపడ్డ జర్మన్ మూలాల వాళ్ళ ఇళ్ళల్లో బీట్‌రూట్ ఊరగాయ రసంలో గుడ్లు వేయడం పాత అలవాటు. మధ్యస్థంగా ఉన్న ఒక బీట్‌రూట్‌ను చెక్కు తీసి చక్రాలు కోసి, 2 కప్పుల నీళ్ళు, కప్పు వెనిగర్, 2 టేబుల్ స్పూన్ల పంచదార, టీస్పూన్ ఉప్పుతో 20 నిమిషాలు మరిగించి పూర్తిగా చల్లార్చండి. పెంకు తీసిన గుడ్లను కోయకుండా అందులో ముంచి ఫ్రిజ్‌లో పెట్టాలి. రెండు గంటలకు లేత గులాబీ, ఎనిమిది గంటలకు ముదురు రంగు. కోస్తే బయట గులాబీ, లోపల తెలుపు, మధ్యలో పసుపు ముద్ద: అందమంతా అందులోనే ఉంది. ఒక రోజు దాటితే పులుపు వల్ల తెల్లసొన రబ్బరులా సాగుతుంది, రంగు పచ్చసొన దాకా దిగి ముద్ద మట్టిరంగు అవుతుంది. మధ్యలో ఒకసారి గుడ్లను తిప్పండి, లేకపోతే ఒకదానికొకటి ఆనిన చోట తెల్ల మచ్చలు మిగులుతాయి.

అవకాడో ముద్ద పార్టీకి వెళ్ళేలోపు నల్లబడుతోంది. నిమ్మరసం వేసినా ఆగట్లేదు?

నిమ్మరసం ఆలస్యం చేస్తుంది, ఆపదు. ఆరు గుడ్లకు ఒక పండిన అవకాడో, టేబుల్ స్పూన్ నిమ్మరసం. ముద్దను జిప్ కవర్‌లో గాలి లేకుండా నొక్కి, వడ్డించే ముందే నింపండి. రెండు మూడు గంటలకు మించి ముందు చేసుకోవాలంటే అవకాడో మానేసి బఠాణీ పెట్టుకోవడం మేలు. ఫ్రోజెన్ బఠాణీ 100 గ్రాములు రెండు నిమిషాలు మరిగించి, మెత్తగా రుబ్బి, జల్లెడలో నొక్కితే అదే ఆకుపచ్చ, మర్నాటికీ అలాగే ఉంటుంది.

మన రుచి ఉండాలి. వంకాయ, గోంగూర పెట్టొచ్చా?

రెండూ బ్రహ్మాండంగా కుదురుతాయి. వంకాయను మంట మీద కాల్చి, తొక్క తీసి, గుజ్జును జల్లెడలో అరగంట ఉంచి నీరు దించండి. 3 టేబుల్ స్పూన్ల గుజ్జు, ఒక పచ్చిమిర్చి, కొత్తిమీర చాలు. గోంగూరను నూనెలో దగ్గరపడే దాకా వేయించి, రెండు టేబుల్ స్పూన్లు వేస్తే వెనిగర్, నిమ్మరసం రెండూ మానేయాలి. గోంగూరతో మస్టర్డ్ సాస్ కూడా పొసగదు. రెండు ఘాట్లు కొట్లాడుకుంటాయి.

ఉల్లిపాయ వేస్తే మర్నాటికి ఒకటే వాసన. ఏం చెయ్యాలి?

తరిగిన పచ్చి ఉల్లి రాత్రంతా మయోనైజ్‌లో ఉంటే ఘాటు పెరిగి పెట్టె తెరవగానే కొడుతుంది. ఉల్లికాడల ఆకుపచ్చ భాగం మాత్రమే తీసుకుని, వడ్డించే ముందు పైన చల్లండి.

## ముద్ద కలపడం

అసలు కొలత ఏమిటి?

12 పచ్చసొనలు, అర కప్పు మయోనైజ్, 2 టీస్పూన్ల మస్టర్డ్ సాస్, 2 టీస్పూన్ల వెనిగర్ లేదా నిమ్మరసం, అర టీస్పూన్ ఉప్పు, పావు టీస్పూన్ మిరియాల పొడి. మయోనైజ్ మూడు వంతులే ముందు వేసి, చూసి, మిగతాది కలపండి. కూరగాయ చిట్టచివర, గరిటెతో పైపైన. చల్లటి తిండిలో ఉప్పు, కారం తక్కువగా తెలుస్తాయి. అందుకని ముద్దను పావుగంట ఫ్రిజ్‌లో పెట్టి అప్పుడు రుచి చూడండి.

ఉండలు లేకుండా నునుపుగా ఎలా వస్తుంది?

పచ్చసొనలను మయోనైజ్ వేయకముందే జల్లెడలోంచి గరిటె వెనకభాగంతో రుద్దాలి. తడి తగిలాక ఉండలు విడవవు.

ముద్ద జారుగా అయిపోయింది. బ్రెడ్ పొడి వెయ్యనా?

వద్దు, పొడి నాని ముద్ద పిండిలా అవుతుంది. అదనంగా ఉడికించిన గుడ్డు పచ్చసొన ఒకటి రుద్ది కలపండి. అది లేకపోతే బాగా మెదిపిన ఉడికిన బంగాళాదుంప ఒకటి రెండు టేబుల్ స్పూన్లు. అరగంట ఫ్రిజ్‌లో ఉంచితే ఇంకాస్త బిగుస్తుంది. మరీ గట్టిగా ఉంటే టీస్పూన్ టీస్పూన్‌గా పాలు కలపండి, మయోనైజ్ కాదు. మయోనైజ్‌తో సరిచేస్తే నూనె రుచి పైకొస్తుంది.

మయోనైజ్ తగ్గించి పెరుగు వాడొచ్చా? పచ్చి గుడ్డు మయోనైజ్ ప్రమాదమంటారు కదా?

సగం మయోనైజ్, సగం గుడ్డలో కట్టి నీరు దించిన పెరుగు బాగుంటుంది. పెరుగు కనీసం నాలుగు గంటలు వేలాడాలి. పూర్తిగా పెరుగే అయితే పుల్లగా, పొడిగా ఉంటుంది. ఇంట్లో పచ్చి గుడ్డుతో గిలక్కొట్టిన మయోనైజ్ పార్టీకి వద్దు. అందులో కడుపు చెడగొట్టే సాల్మొనెల్లా బాక్టీరియా భయం ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి ఏడాదిపాటు పచ్చి గుడ్డు మయోనైజ్‌ను నిషేధించింది కూడా. సీసాల్లో అమ్మేది పాశ్చరైజ్ చేసిన గుడ్డుతోనో, గుడ్డు లేకుండానో చేస్తారు. ఇండియాలో ఎక్కువగా దొరికే గుడ్డు లేని రకం తియ్యగా ఉంటుంది. అది వాడితే వెనిగర్ ఒక టీస్పూన్ పెంచండి.

## నింపడం, అలంకరణ

పైపింగ్ నాజిల్‌లో కూరగాయ ముక్కలు ఇరుక్కుంటున్నాయి?

నక్షత్రం ఆకారం నాజిల్ కావాలంటే నునుపు ముద్దే వాడి, ముక్కలు పైన చల్లండి. ముక్కలు లోపలే ఉండాలంటే వాటిని 2–3 మిల్లీమీటర్లు తరిగి, జిప్ కవర్ మూలను వేలెడంత వెడల్పు కత్తిరించి పిండండి. రెండు చిన్న స్పూన్లతో నింపినా ఎవరూ వంక పెట్టరు.

ప్లేటులో గుడ్లు దొర్లిపోతున్నాయి?

ప్రతి దొప్ప అడుగున నాణెమంత పల్చటి చెక్క కోసేస్తే కదలకుండా కూర్చుంటుంది. లోతుగా కోస్తే చిల్లు పడుతుంది, జాగ్రత్త. లేదా సన్నగా తరిగిన క్యాబేజీ పరుపు వేసి పైన పేర్చండి.

కోసిన అంచులు పచ్చసొన అంటుకుని మాసినట్టు ఉంటున్నాయి?

గుడ్లు పూర్తిగా చల్లబడ్డాకే, పల్చటి పదునైన కత్తితో ఒక్క లాగులో కోయండి. ప్రతి కోతకూ కత్తిని తడిగుడ్డతో తుడవాలి.

పైన చల్లే పాప్రికా (మంట తక్కువున్న ఎర్ర మిరప పొడి) దొరకలేదు. మామూలు కారం చల్లొచ్చా?

కశ్మీరీ కారం చల్లండి, రంగు సరిపోతుంది, మంట తక్కువ. గుంటూరు కారమైతే చిటికెడే. ఏ పొడైనా బల్ల మీద పెట్టే ముందే. ముందు చల్లితే తేమకి కరిగి ఎర్రటి చారలు పడుతుంది. నేతిలో వేయించిన కరివేపాకు నలిపి చల్లినా మంచి కరకర.

## నిల్వ, ప్రయాణం

ముందు రోజే ఎంతవరకు చేసి పెట్టుకోవచ్చు?

పెంకుతో ఉడికిన గుడ్లు ఫ్రిజ్‌లో వారం ఉంటాయి. ముందు రోజు పెంకు తీసి, దొప్పలను టిష్యూ పరిచిన డబ్బాలో, ముద్దను జిప్ కవర్‌లో విడివిడిగా పెట్టుకోండి. పచ్చి కూరగాయ ముక్కలు ఆ రోజు ఉదయమే కలపాలి. గుజ్జులైతే రాత్రే కలిపినా ఫరవాలేదు. నింపడం వడ్డనకు రెండు మూడు గంటల ముందు.

బయట ఎంతసేపు ఉంచొచ్చు?

మామూలు గదిలో రెండు గంటలు. జులై ఎండలో ఆరుబయట, 32 డిగ్రీల సెల్సియస్ దాటితే ఒక్క గంటే. అమెరికా ఆహార భద్రత శాఖలు చెప్పే లెక్క ఇదే. పెద్ద పళ్ళెంలో ఐసు పోసి దాని మీద ప్లేటు పెట్టండి, అన్నీ ఒకేసారి బయట పెట్టకుండా సగం సగం తీయండి. సమయం దాటిన వాటిని మళ్ళీ ఫ్రిజ్‌లో దాచవద్దు, పారేయాల్సిందే.

కారులో గంట ప్రయాణం. ముద్ద చెదరకుండా ఎలా తీసుకెళ్ళాలి?

దొప్పలు, ముద్ద విడిగా ఐసు పెట్టెలో పెట్టుకుని అక్కడికెళ్ళి నింపండి. 24 ముక్కలకు పది నిమిషాల పని. నింపి తీసుకెళ్ళక తప్పదంటే కాగితం కప్పులు వేసిన మఫిన్ ట్రేలో గుంటకొకటి పెట్టండి. మూత తీశాక ఐదు నిమిషాలు ఆగి బల్ల మీద పెట్టండి, పెట్టెలో పేరుకున్న గుడ్డు వాసన పోతుంది.

మిగిలినవి ఫ్రీజర్‌లో పెట్టొచ్చా?

పెట్టకూడదు. ఉడికిన తెల్లసొన గడ్డకట్టి కరిగితే రబ్బరులా మారి నీళ్ళు కారుస్తుంది. ఫ్రిజ్‌లోనే ఉండి మిగిలిన వాటిని రెండు రోజుల్లో తరిగి శాండ్‌విచ్‌లో పెట్టుకోండి.

## తినేవాళ్ళ సంగతి

గుడ్డు తినని వాళ్ళూ వస్తున్నారు. అలాంటిదే ఏం పెట్టాలి?

చిన్న బంగాళాదుంపలు. 15 నిమిషాలు ఉడికించి, సగానికి కోసి, మధ్యలో చిన్న స్పూన్‌తో గుంట తీయండి. తీసిన గుజ్జులో నీరు దించిన పెరుగు, కాల్చిన క్యారెట్ గుజ్జు, మస్టర్డ్ సాస్, చిటికెడు నల్ల ఉప్పు కలిపి నింపాలి. నల్ల ఉప్పులోని గంధకం వల్ల గుడ్డు వాసన లీలగా వస్తుంది. అది నచ్చని వాళ్ళుంటే మామూలు ఉప్పే వేయండి. వేరే కత్తి, వేరే గిన్నె, వేరే ప్లేటు, మీద చీటీ. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి ఒకే బల్ల మీద దూరంగా పెట్టండి. మామూలు మయోనైజ్‌లోనూ గుడ్డు ఉంటుందని మర్చిపోవద్దు.

థాంక్స్‌గివింగ్‌కి తీసుకెళ్తే సగం మంది ముట్టుకోలేదు. ఏమైంది?

కార్తీకం చూసుకున్నారా? కొన్ని సంవత్సరాల్లో ఆ పండుగ కార్తీక మాసంలోనే పడుతుంది. 2024లో నవంబరు 28న అలాగే పడింది. తెలుగిళ్ళ పాట్‌లక్ అయితే నవంబరులో ముందే క్యాలెండరు చూసి, గుడ్లు సగం చేసి బంగాళాదుంపలు రెట్టింపు చేయండి. శనివారాలు మానేసేవాళ్ళూ ఉంటారు, పిలిచినవాళ్ళనే ఒక మాట అడిగితే సరిపోతుంది.